మూడు గాట్ల రబ్బరు

"నా తప్పయితే ఒప్పుకుంట దేవన్నా. దుకాణం బంద్ జేసి ఇంట్ల కూసుంట. కాకపోతే ఎవరి తప్పో నువ్వే తేల్చు!"

గఫూర్ గోనెసంచిలోంచి తెగిపోయిన సైలెన్సర్ తీసి బల్ల మీద పెట్టాడు.

అది 1986. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో దర్జీ దుకాణం పైనున్న చిన్న గదే ప్రైవేట్ డిటెక్టివ్ దేవన్న ఆఫీసు. సహాయకుడు సీమోను అప్పటికే నోటుబుక్కు తెరిచాడు. దేవన్న దగ్గినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి సీమోను.

గఫూర్‌ను ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మోటార్ సైకిళ్ళకు సొంతంగా సైలెన్సర్లు చేస్తాడు. అవి బండితో వచ్చేవాటికంటే పొడుగు, బరువు కూడా ఎక్కువే. ఇంజను వణుకుకు ఆ బరువు తెగిపడకుండా, బిగించే రెండు చోట్లా సైలెన్సర్ పట్టీకి అటొకటి ఇటొకటి రబ్బరు బిళ్ళలు పెడతాడు. పాత లారీ టైరు కోసి చేసే ఆ బిళ్ళలే అతని గొప్ప. ప్రతి బిళ్ళ అంచునా ఉలితో మూడు గాట్లు పెట్టనిదే దుకాణం దాటనివ్వడు.

"ఏం జరిగింది భాయ్?"

"ఎల్లారెడ్డిల మైకు సెట్టు పర్శరాములు లేడా? లింగంపేట కాడ వాని బండి సైలెన్సర్ తెగి చక్రంల వడ్డది. కాలు ఇరిగింది. పదిహేను దినాల సంది పొద్దుగూకంగనే మైకుల ఒకటే ఒర్రుడు, గఫూర్ సైలెన్సర్ పెడితే కాళ్ళు పోతయని! ఇరువై రెండేండ్ల పేరన్నా నాది. మైకు ముంగట నా నోరెంత? తెగిన ముక్కను నా దుకాణం ముంగట పారేయించిండు గని, బండి సూస్తనంటె సూడనియ్యలే."

"ఎవరి మీదన్న అనుమానమా?"

గఫూర్ తల దించుకున్నాడు. "నా దగ్గర పని నేర్చిన శాగిర్దు ముక్తార్ ఆడనే మెకానిక్ దుకాణం పెట్టిండు. వాని మీద అనుమానపడాల్నంటె మనసొప్పుతలేదు."

దేవన్న భూతద్దం తీసి విరిగిన పట్టీ చూశాడు. బోల్టు రంధ్రం చుట్టూ రంగంతా పోయి, ఇనుము ఇనుముతో రాసుకున్నట్టు తళతళలాడుతోంది. సీమోను 'తళతళ' అని రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున బస్సులో ముగ్గురూ ఎల్లారెడ్డి చేరారు. ఆ మైకు కింద అడుగు పెట్టలేనని గఫూర్ బస్టాండులోనే ఆగిపోయాడు.

పర్శరాములు దుకాణానికి, గంగాబాయి పిండిగిర్నికి మధ్య ఒకటే గోడ. గిర్ని తిరుగుతుంటే బల్లలు కూడా అదురుతున్నాయి. పర్శరాములు కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, రికార్డు ప్లేయర్ మీద పెండ్లిపాట వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకు చాయ్ తెప్పించాడు. మర్యాదలో ఏ లోటూ చేయలేదు, పాపం.

"సైలెన్సర్ పెట్టినంక బండికి ఎవలన్న చెయ్యి పెట్టిండ్రా?" అడిగాడు దేవన్న.

"ఎవలు పెడ్తరు సారూ? ఆ గఫూర్ చేతిపనే అంత."

సీమోను ముందున్న గ్లాసులో చాయ్ అలలు అలలుగా కదులుతోంది. పాట మాత్రం ఎక్కడా తడబడకుండా సాగుతోంది.

దేవన్న పెరట్లోకి వెళ్ళి బండి చూశాడు. చట్రానికి పట్టీ ముక్క ఇంకా బిగించే ఉంది. దానికున్న బోల్టులు చిటికెనవేలంత కూడా లేవు. ఆ పక్కనే పెరటి పిట్టగోడ అవతల గంగాబాయి జొన్నలు పోస్తూ కనిపించింది.

"అక్కా, నీ గిర్నితోని పర్శరాములుకు తిప్పలేం లేదా?"

"లేకేం! గిర్ని అదురుకు రికార్డుల పాట దుంకుతున్నదని రోజూ నాతోని లొల్లే. మరేమైందో, కాలు ఇరిగేదానికి రెండు దినాల ముంగటి సంది నోరు మెదుపుతలేడు."

దేవన్న నవ్వాడు. "సీమోనూ, గఫూర్ భాయిని తీస్కరా. అక్కా, నువ్వు గూడ రా."

అందరూ దుకాణంలో చేరాక దేవన్న తీరిగ్గా మొదలుపెట్టాడు.

"గఫూర్ భాయ్, నీ బోల్టు ఎంత పొడుగుంటది?"

"నా నడిమి వేలంత. రెండు రబ్బర్లల్లకెళ్ళి బయటికి రావాలె గద!"

"బండికున్నయి దాంట్ల సగం. అంటే రబ్బర్లు పడిపోలే, ఎవరో తీసి పొట్టి బోల్టులు బిగించిండ్రు. ఇనుము మీద ఇనుము. ఇంజను వణుకంత పట్టీ మీద వడ్డది, తెగింది. ముక్తార్ చేసిండంటవా? నీ దగ్గర పని నేర్చినోడు రబ్బరు లేకుండ బోల్టు తిప్పుతడా?"

"తిప్పడు!" అన్నాడు గఫూర్ ఛాతీ విరిచి.

"మరి చాయ్ వణికేకాడ పాటెందుకు వణుకుతలేదు?" దేవన్న రికార్డు ప్లేయర్‌ను మెల్లగా ఎత్తాడు. నాలుగు కాళ్ళ కింద నాలుగు నల్లటి బిళ్ళలు! ఒక్కో అంచున మూడేసి గాట్లు. సీమోను రాయడం కూడా మరిచిపోయి నోరు తెరిచాడు.

పర్శరాములు మొహం మాడిపోయింది.

"నేనే తీసిన సారూ. ఆ రబ్బర్లు పెట్టినంక బండి అంత నిమ్మలంగ నడిచింది. పాటకు గూడ పనికొస్తయనుకున్న. గట్లయితదని కలగన్ననా? నా కాలు నేనే ఇరగ్గొట్టుకున్ననంటె ఇజ్జత్ ఉంటదా? అందుకే భాయి మీద పెట్టిన."

గఫూర్ ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొడతాడేమోనని సీమోను అడ్డం నిలబడబోయాడు.

"పాట ఒక్కసారన్న దుంకిందార?"

"లేదు భాయ్. ఒక్కసారి గూడ దుంకలే."

గఫూర్ మీసం దువ్వుకున్నాడు. "అయితే ఉండనియ్. బండికి కొత్తవి కోసి తెస్త. కాని నా పేరు యే మైకుల పోయిందో, ఆ మైకులనే రావాలె."

పర్శరాములు మైకు అందుకున్నాడు.

"ఆగు పర్శరాములు!" గంగాబాయి లేచింది. "గిర్ని బంద్ జేసొస్త. ఊరంత ఇనాలె."

గిర్ని ఆగింది. పదిహేను దినాలుగా గఫూర్‌ను తిట్టిన మైకు గురగురమంది.

"నేను పర్శరాముల్ని చెప్తున్న. తప్పు నాది. రబ్బర్లు నేనే తీసిన. గఫూర్ భాయి పనికి వంక లేదు!"

గఫూర్ బయటికి వెళ్ళి మైకు కిందే, నడిబజారులో, టోపీ సరిచేసుకుని నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు.

"బస్సుకు యాళ్ళయింది, పోదమా భాయ్?" అన్నాడు దేవన్న.

"ఇంకో బస్సుంటది దేవన్నా. వాణ్ణి ఇంకొక్కసారి చెప్పమను."