ఆత్మకూరు ఊరేగింపులో కొత్త పొట్టేలు

ఉదయగిరి బస్టాండు వెనక సందులో ఇన్‌ఫార్మర్ అంకారావు మెడలో చెక్క ఫోర్కు పిడిదాకా దిగివుంది. చెక్క చెంచాలకు పేరుపడ్డ ఆ ఊళ్ళో చెక్కిన ఫోర్కే. ఏజెంట్ కోటేశ్వర్ ఒళ్ళోకి తీసుకునేసరికి నెత్తురు కక్కుతూ "ఊరేగింపు... మెడ..." అని ప్రాణం వదిలాడు. పాపం, తన నొప్పి చెప్పుకుంటున్నాడనుకున్నాడు కోటేశ్వర్.

ఫోన్‌లో చీఫ్ జనార్దనయ్య గొంతు గరగరలాడింది.

"ఊరేగింపుకి పర్మిషన్ అక్కర్లేదు, ముందుగా కబురు చెబితే చాలు అనే కొత్త చట్టం రేపు అసెంబ్లీలో ఓటింగుకొస్తోంది. ఇవాళ ఆత్మకూరులో గొర్రెలకాపర్ల ఊరేగింపే దానికి ట్రయల్. అక్కడ శవాలు లేస్తే బిల్లు చచ్చినట్టే. జనం రగిలితే ఆయుధాలమ్ముకోవాలని ఓ విదేశీ ముఠా కాచుక్కూర్చుంది."

"అక్కడ మనవాళ్ళెవరు సార్?"

"విజయదుర్గ. టీవీ రిపోర్టర్ వేషం. కోడ్ గుర్తుందిగా?"

పర్మిషన్ లేని ఊరేగింపులోనే గొర్రెలకాపరైన కోటేశ్వర్ నాయన లాఠీల కింద చచ్చిపోయాడు. మేత బీళ్ళు అడిగిన పాపానికి. ఈ చట్టం కోసం కోటేశ్వర్ ప్రాణమైనా ఇచ్చేవాడే.

ఆత్మకూరులో కాపర్లు గొర్రెలతో సహా కదిలారు. నెత్తిన గొంగళి, చేతిలో కర్రతో కోటేశ్వర్ వాళ్ళలో కలిశాడు. ఎర్రచీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో మైకు. విజయదుర్గను చూస్తే ఎవరికైనా మతిపోవాల్సిందే.

"ఎండ మండుతా ఉండాది," అన్నాడు.

"గొంగళి కప్పుకో," అని నవ్వింది. "అంతా చెక్ చేసినాను. క్లియర్."

ముందు మందలో రెండు పొట్టేళ్ళు ఢీ అంటే ఢీ అంటున్నాయి. కాపరి పెంచలయ్య విడదీయలేక తిట్టుకుంటున్నాడు.

"ఏందన్నా ఇది?"

"ఆ నల్లది ఎవురిదో, ఇప్పుడే మందలో దూరినాది. మా పొట్టేలు ఊరుకుంటాదా?"

కాపరి కొడుక్కి ఇంకేం చెప్పాలి! పరాయి పొట్టేలు. దాని మెడలో లావుపాటి గంట. ఎంత కుమ్ముకున్నా మోగడంలేదు. అంకారావు చెప్పిన మెడ ఇదేనని కోటేశ్వర్‌కి తట్టింది.

కత్తి తీసి పట్టీ కోస్తుండగా మైకులోంచి తూటా వచ్చి అతని భుజం చీల్చింది. చెక్ చేసింది ఈ మహాతల్లే! అతని కర్ర గిర్రున తిరిగింది. ఆమె మణికట్టు పటుక్కున విరిగింది. ఆమె రెండో చేత్తో రిమోట్ తీసేలోగా కోటేశ్వర్ పట్టీ తెంపి గంటను రోడ్డు పక్క పాడుబావిలోకి విసిరాడు.

ఆమె మీట నొక్కింది. బావి బద్దలై రాళ్ళు పైకి లేచాయి. వాటిలో ఒకటి విజయదుర్గ కణత పగలగొట్టింది. ఎర్రచీర దుమ్ములో కదలకుండా పడింది.

బోర్లా పడుకున్న జనం ఒక్కొక్కరే లేచారు.

"ఊరేగింపు ఆగిపోయిందా?" ఫోన్‌లో చీఫ్ అరిచాడు.

"లేదు సార్, నడస్తా ఉండాది," భుజం అదిమి పట్టుకుని అన్నాడు కోటేశ్వర్. "నల్ల పొట్టేలు కూడా పోతా ఉండాది. పర్మిషనేమీ అడగలేదు."