కోయని మడతలు

కొత్త పుస్తకం కొంటే పక్కన చాకు కూడా పెట్టుకోవాల్సిన రోజులవి. అప్పట్లో అచ్చు కాగితాలను మడిచి, అంచులు కోయకుండానే అమ్మేవారు. చదివేవాడే ఒక్కో మడతా కోసుకుంటూ ముందుకు పోవాలి. మా నాన్న వెన్న రాసుకునే చాకుతోనే కానిచ్చేవాడు. మా ఇంట్లో నవలలన్నీ వెన్న వాసనే. సరే, అసలు సంగతికొస్తాను.

ఫ్రాన్సులోని రువాన్‌లో నా కాలేజీ స్నేహితుడు అన్సెల్మ్‌కి నిషేధించిన పుస్తకాల పిచ్చి. హద్దు దాటని రాత రాతే కాదనేవాడు. ఓ నవంబరు సాయంత్రం, కొత్తగా ఒకటి దొరికింది, రమ్మన్నాడు. ప్రతులన్నీ కోర్టువారు తగలబెట్టించగా మిగిలింది ఇదొక్కటేనట. వందేళ్లుగా ఎవరూ ఒక్క మడతైనా కోయలేదు.

బయట వాన. పొయ్యి మీద ఉల్లిపాయల సూపు ఉడుకుతోంది. పక్క గదిలో అతని చెల్లెలు క్లోతిల్ద్ లేసు అల్లుకుంటోంది.

"చర్చి ఫాదర్ గారొస్తే ఆ పుస్తకం అట్ట మీద సూపు గిన్నె పెట్టేస్తాను. పరువైనా దక్కుతుంది," అని అక్కణ్నుంచే వెక్కిరించింది.

అన్సెల్మ్ మొదటి మడత కోశాడు. ఆ చప్పుడు ఎందుకో తడిగా వినిపించింది. కథలో ఒకడు తన ఇంటి మనిషినే కొద్దికొద్దిగా కోస్తుంటాడు. ఎందాకా పోతాడన్నదే కథ.

రెండో మడత. పక్క గదిలో క్లోతిల్ద్ "స్స్" అంది. సూది గుచ్చుకుందేమో అనుకున్నాను.

మూడోది తెగగానే ఆమె తన చెయ్యి పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. మోచేతి మీద మూడు సన్నటి ఎర్ర గీతలు. తెల్ల లేసు మీద చుక్కలు.

ఆపరా అన్నాను. అన్సెల్మ్ ఆ గీతలు చూశాడు. పుస్తకం చూశాడు. ముఖం పాలిపోయింది. అయినా చాకు మళ్లీ మడతలోకి దూరింది.

"తర్వాతేమవుతుందో తెలియాలిరా..." అని గొణిగాడు. కళ్లనిండా నీళ్లు. చెయ్యి మాత్రం ఆగలేదు.

క్లోతిల్ద్ గోడకి జారబడింది. గీతలు భుజం దాటి మెడ దాకా వచ్చాయి.

చాకు లాక్కుని పొయ్యిలో పడేశాను. పుస్తకం లాగబోతే బల్లలో పాతినట్టు కదల్లేదు. అతని మణికట్లు రెండూ గట్టిగా పట్టుకున్నాను.

చేతులు నా పట్టులోనే ఉన్నాయి.

కాగితం తెగుతూనే ఉంది...

"అన్నయ్యా," అంది క్లోతిల్ద్ చాలా మెల్లగా, "ఇంకా ఎన్ని మడతలున్నాయి?"

"ఒక్కటేనమ్మా."

ఆమెను బతికించుకోలేకపోయాం. కిటికీ అద్దం మీద పడిందని రాసుకున్నాడు డాక్టరు. ఆ ఇంటి కిటికీ అద్దాలేవీ పగల్లేదు.

పాతిపెట్టిన మర్నాడు అన్సెల్మ్ ఆ పుస్తకం నా చేతిలో పెట్టి కాల్చెయ్యమన్నాడు. కాల్చేముందు ఒక్కసారి చూశాను. మడతలన్నీ అచ్చాఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టు మళ్లీ మూసుకుపోయి ఉన్నాయి.

చివరిదొక్కటే తెరుచుకుని ఉంది. దాన్ని కోసింది లోపల్నుంచి.