పొగ పెట్టని తొర్ర

రాజుల నాటి ఆ ఉద్యానవనంలో, పగలు జనం పడవలెక్కే చెరువు పక్కన, ఒక ముసలి చెట్టు ఉండేది. రాత్రిళ్లు అందులో రాణి ఏడుస్తుందని చెప్పుకునేవారు. ఆ రాణి పురిట్లో పోయిందని మూడు దస్తావేజులు చెబుతున్నాయి. ఆవిడ పోయిన నలభై ఏళ్లకు గానీ ఆ మొక్క నాటలేదు. కాబట్టి రాణి కాదు. ఏడుపు మాత్రం — విన్నవాళ్లున్నారు.

చెట్ల మేస్త్రి వినలేదు. ఇరవై రెండేళ్లుగా చీకటి పడ్డాక అటు పోలేదు. చెట్టు పుచ్చిపోయింది, తెల్లారితే కొట్టేస్తారని తెలిసిన రాత్రి మాత్రం వెళ్లాడు. తర్వాత జరిగింది అతను చెప్పినదే.

గేటు దగ్గర కాపలాదారు నవ్వాడు. "ఏం మేస్త్రీ, రాణిగారికి వీడ్కోలా?"

"రాణి లేదు, గాడిద గుడ్డూ లేదు. తాళం తియ్యవయ్యా."

ఇరవై రెండేళ్ల కిందట ఆ చెట్టు తొర్ర పూడ్చింది అతనే. మనిషెత్తున ఉన్న తొర్ర నోట్లోంచి కంకర, సిమెంటు పోయించాడు. పోసేముందు పొగ పెట్టాలి — లోపల ఏ ప్రాణి ఉన్నా బయటికొస్తుంది. వాళ్ల పనిలో అది మొదటి పాఠం. ఆ ముందు రాత్రి తెల్లవార్లూ వాన, పుల్లలు అంటుకోలేదు. అధికారి తొందరపెట్టాడు.

సగం పోశాక కూలీ ఆగాడు. "మేస్త్రీ... లోపలేదో మూలిగింది."

"గుడ్లగూబరా. కానీ, కానీ."

ఆనాటి నుంచే అతని తమ్ముడు కనబడలేదు. రాత్రి కాపలా వాడిదే. మందు పడితే ఎక్కడ తడి లేకపోతే అక్కడ ముడుచుకుని పడుకునేవాడు. పట్నం పారిపోయాడని మేస్త్రి తల్లికి చెప్పాడు. ఆవిడ పోయేదాకా ఉత్తరం కోసం చూసింది. తనూ నమ్మాడు... నమ్మకపోతే బతకలేడు గనక.

ఇప్పుడు చెక్క సుత్తితో మానును మూడుసార్లు తట్టాడు. నిండుగా పలికింది. చెవి ఆనించాడు.

ఏమీ లేదు. ఊపిరి వదిలాడు —

లోపల్నుంచి, మూడుసార్లు.

"ఒరేయ్," గుసగుసగా అన్నాడు, "నువ్వు పట్నంలో ఉన్నావురా. పట్నంలోనే ఉన్నావు..."

మూలుగు. గుడ్లగూబ కూత ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఆ రోజూ తెలుసు.

రాత్రి చల్లబడితే ముసలి మాన్లు చప్పుడు చేస్తాయి. ఇదీ పుకారేనని తోసెయ్యవచ్చు. అయితే ఉద్యానవనం నమోదు పుస్తకంలో ఒక పంక్తి ఉంది: "1991 మార్చి 12, ఉదయం పది. సిమెంటు దిమ్మ అడుగున మనిషి ఎముకలు, కాపలాదారు ఈల. కుడి చెయ్యి పైకి చాచి ఉంది."