బూడిదరంగు పావురం మనసులో మాట

"పదేళ్ల పిల్లకి నోట్‌ప్యాడా?" అంది టీచర్.

"అవునండి. కోడ్ ఒక్కో లైనూ తనే టైపు చేస్తేనే చదువు. మీరు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఏముంది? బొమ్మ లాగి ఇక్కడ పెట్టు, బటన్ నొక్కు. దాన్ని వెబ్ డిజైన్ అనరు, స్టిక్కర్లు అంటించడం అంటారు."

"ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"వెబ్ డిజైనర్‌ని. ఎనిమిదేళ్ల అనుభవం," అన్నాడు పిల్లకి తోడొచ్చిన మావయ్య, కాలర్ ఎగరేయడం ఒక్కటే తక్కువగా.

"అలాగా! మీ సొంత వెబ్‌సైట్ ఒకసారి చూడొచ్చా?"

మహానుభావుడు కాలర్ సర్దుకున్నాడు. "అది... ఇంకా తయారవుతోందండి."

"ఎన్నాళ్ల నుంచి?"

"నేను నర్సరీలో ఉన్నప్పట్నుంచి, టీచర్," అంది పక్కనున్న మేనకోడలు.

ఆ పిల్లని ఇంట్లో అందరూ జడ్జిగారు అంటారు. ఎవరూ అడగకపోయినా తీర్పులు చెప్పడం ఆవిడ అలవాటు. లైబ్రరీ మేడ మీద, పదకొండు ముసలి కంప్యూటర్లున్న గదిలో, పిల్లలకి వెబ్‌సైట్లు కట్టడం నేర్పుతారని తెలిసి తనే పేరు రాయించుకుంది. అయిదు శనివారాల క్లాసు. అక్కకి శనివారం కూడా డ్యూటీ ఉంటుంది కాబట్టి తోడు రావడం మావయ్య వంతయింది.

"పోనీ ఒక పని చేద్దాం," అంది టీచర్. "ఈ సాఫ్ట్‌వేర్ మీరే వాడి చూసి, తప్పులన్నీ లిస్టు రాసివ్వండి. అవి నిజమనిపిస్తే తర్వాతి బ్యాచ్‌కి సాఫ్ట్‌వేర్ మార్చేస్తాను. ఆఖరి శనివారం పిల్లల ప్రదర్శన ఉంది. ఆలోపు ఇవ్వండి."

ఆ రోజు నుంచి మావయ్యకి లిస్టే లోకమైపోయింది. రెండో శనివారం క్లాసుకి నలభై నిమిషాలు ముందు వెళ్లాడు. మూడో శనివారమూ అంతే. ఎందుకురా ఇంత తొందర అని అక్క అడిగితే, పార్కింగ్ దొరకదన్నాడు. బస్సులో వెళ్లేవాడికి పార్కింగ్ ఏమిటని అక్క అడగలేదు.

నాలుగో శనివారం క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. జడ్జిగారు లోపల కథల పుస్తకంలో మునిగిపోయింది. మెట్ల కింద మావయ్యా, టీచరూ మిగిలారు. ఇలాంటి వాన కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. మనవాడికి ఊరికే దొరికింది.

"లిస్టు ఎంతవరకొచ్చింది?" అంది టీచర్, తల్లో గుచ్చుకున్న పెన్సిల్ సర్దుకుంటూ.

"పద్నాలుగు తప్పులు దొరికాయండి."

"సాఫ్ట్‌వేర్‌లోనా, నాలోనా?"

"సాఫ్ట్‌వేర్‌లోనేనండి. మీ మీద ఇంకా మొదలుపెట్టలేదు."

టీచర్ గొడుగు తెరిచి వెళ్లిపోయింది. దాని కింద ఇద్దరు పట్టేంత చోటుంది. ఆ సంగతి ఆమె వీధి మలుపు తిరిగాకే గమనించాడు. ఇంకొక్క శనివారం మిగిలింది. అది దాటితే లైబ్రరీకి రావడానికి వంక ఉండదు, ఆమె కనబడదు.

జడ్జిగారి వెబ్‌సైట్ పేరు 'మా కిటికీ పావురాలు'. మొత్తం అయిదు పావురాలు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. శుక్రవారం సాయంత్రానికి ఇంట్లో కూర్చుని నాలుగు పేజీలు పూర్తిచేసింది. అయిదో పేజీలో లావుపాటి బూడిదరంగు పావురం ఫొటో ఉంది, దాని కింద మాటలు రాయాల్సిన డబ్బా ఖాళీగా ఉంది. రాత పెద్దదైతే ఆ డబ్బా తట్టుకుంటుందో లేదో చూద్దామనుకున్నాడు మావయ్య. పదిహేనో తప్పు దొరుకుతుందని ఆశ.

డిజైనర్లు అసలు మాటలు వచ్చేదాకా ఖాళీ డబ్బాల్లో ఏదో ఒక డమ్మీ టెక్స్ట్ నింపుతారు. అందరూ అర్థంలేని అక్షరాలు నింపితే, ఈయన అప్పటికి మనసులో ఏముంటే అది టైపు చేసేసి, తర్వాత చెరిపేస్తాడు. ఆఫీసులో మేనేజర్ మీద ఇలా రాసిందంతా కలిపితే ఒక గ్రంథమవుతుంది. చెరపడం మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు.

ఆ రోజు అలాగే టైపు చేస్తుంటే సగంలో అక్క కేకేసింది. "అది డమ్మీ టెక్స్ట్. తీసేసి నీది రాసుకో," అని జడ్జిగారికి చెప్పి లేచి వెళ్లాడు.

మర్నాడు ప్రదర్శన. తల్లిదండ్రులతో గది నిండిపోయింది. పెద్ద తెర మీద పావురాలు ఒక్కొక్కటే వచ్చాయి. బూడిదరంగుది వచ్చేసరికి జడ్జిగారు గొంతు సవరించుకుని చదివింది.

"నేను ప్రతి శనివారం నలభై నిమిషాలు ముందొస్తాను. పార్కింగ్ కోసం కాదు. తల్లో పెన్సిల్ గుచ్చుకుని, పిల్లలు తప్పు చేసినా 'భలే, ఇదెలా చేశావు?' అని అడిగే మనిషి కోసం. సాఫ్ట్‌వేర్‌లో పద్నాలుగు తప్పులు దొరికాయి. ఆమెలో ఒక్కటీ దొరకలేదు. రేపే ఆఖరి శనివారం. ఆ తర్వాత ఏ వంకతో రావాలో తెలియడం లేదు."

"పావురానికి భలే మాటలు పెట్టావమ్మా!" అని ఎవరో తండ్రి చప్పట్లు కొట్టాడు. మావయ్య తన బూట్ల లేసులు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. టీచర్ చప్పట్లు కొట్టలేదు. పెన్సిల్ తీసి, చూసి, మళ్లీ తల్లో పెట్టుకుంది.

అందరూ వెళ్లాక అతని దగ్గరికి వచ్చింది.

"ఆ చివరి పేజీ పిల్లే రాసిందా?"

తప్పించుకోవడానికి ఇంతకంటే రాచబాట ఉండదు. ఔనంటే చాలు. అతను నోరు తెరిచి, ఔననలేకపోయాడు.

"కాదండి, నేనే రాశాను. చెరిపేద్దామనే రాశాను. నేను ఏదీ బయటపెట్టే రకం కాదు, నా వెబ్‌సైట్ సంగతి మీకు తెలుసుగా. కానీ అందులో ప్రతి మాటా నిజం. మీరంటే నాకు చాలా ఇష్టం."

టీచర్ అతని చేతిలోని లిస్టు తీసుకుని చివరిదాకా చదివింది.

"అసలు తప్పు వదిలేశారు. రాసింది అందరికీ చూపించే 'పబ్లిష్' బటన్ నొక్కితే, 'నిజంగానేనా?' అని ఒక్కసారి కూడా అడగదు ఈ సాఫ్ట్‌వేర్."

"నిన్నయితే రాసేవాణ్నండి. ఇవాళ అది తప్పనిపించడం లేదు."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. "వచ్చే శనివారం క్లాసు లేదు," అంది. "నలభై నిమిషాలు ముందే రండి."

బస్సులో కిటికీ పక్క సీటు జడ్జిగారిది. మావయ్య కాళ్లు నేల మీద ఆనడం లేదు. అయినా పెద్దరికం కోసం కాస్త కసిరాడు.

"డమ్మీ టెక్స్ట్ తీసెయ్యమన్నాను కదే!"

"తీసేద్దామనే చదివాను మావయ్యా. చదివితే డమ్మీలా అనిపించలేదు," అంది జడ్జిగారు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "రెండుచోట్ల ఒత్తులు తప్పు రాశావు. అవి మాత్రం దిద్దాను."