రెండు పిలుపుల గిడ్డంగి

బందరు కోట పక్కన ఒక పాత గిడ్డంగి ఉన్నదంట. దాని పేరు ఎత్తితెనే ఆ ఊరోళ్లు మొఖం పక్కకు తిప్పుకుంటరంట. ఎన్నడో ఉప్పెనల కొట్టుకపోయినోళ్లు అందుల నుంచి పిలుస్తరని... పొద్దుగూకినంక. మనకు తెలిసినోళ్ల గొంతుతోనే.

నేను చూడలే, చూడాలన్న సోకు గూడ లేదు. బోరబండల పుట్టినోన్ని, సముద్రమే ఎరగను. నాకిదంతా చెప్పింది మా భీమేశ్వరరావు సారు. తొంభైతొమ్మిదిల మాదాపూర్ కొత్త బిల్డింగుల మా కంపెనీ పెట్టినప్పుడు నేను అడ్మిన్ల ఉంటి, ఆయన ప్రోగ్రాములు రాసే టీముకు పెద్ద. ఆ మనిషికి బందరు పిచ్చి. చాయ్ తాగనియ్యకపోతుండె. "మా వలందపాలెం డచ్చివాళ్లదండీ. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. మరి ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పండి చూద్దాం, బాలనర్సయ్యగారూ" అని నా పానం తీస్తుండె.

ఇనీ ఇనీ, సెలవు చూసుకొని టీమంతా బండి మాట్లాడుకొని బందరు పోయిండ్రు. ఆయన భార్య రాజరాజేశ్వరమ్మ గూడ పోయింది. పెండ్లై ఏడాది గూడ కాలే.

నడిపిచ్చిండు... పొద్దంతా నడిపిచ్చిండు. డచ్చోళ్ల సమాధుల మీద రాతలు చూపిచ్చిండు. ఇరాన్ నుంచి వచ్చినోళ్లు అద్దకం బట్టలు కొన్న వాడలు చూపిచ్చిండు. పరాసుపేటల బజ్జీలు తినిపిచ్చిండు. ఆఖరుకు కోట. అప్పటికే పొద్దు దిగుతున్నది.

గిడ్డంగి ముందర అందరిని నిలబెట్టి చిన్నగ చెప్పిండంట—

"మా నాయనమ్మ మాటండీ ఇది. చీకటి పడ్డాక ఇక్కడ ఎవరు పిలిచినా వెంటనే పలక్కండి. వాళ్లు రెండుసార్లే పిలవగలరు. మూడోసారి పిలిస్తేనే మనిషి."

అందరు నవ్విండ్రు. ఆమె గూడ నవ్వింది.

కోటంతా తిరిగి బండి దిక్కు నడుస్తుంటె బాగ చీకటైంది. ఆయన అందరికంటె ముందర, ఇంకా ఏదో చెప్పుకుంటనే ఉన్నడు. భార్య ఆడోళ్లతోని వస్తున్నదనుకున్నడు. ఆమె చెప్పు తెగి ఎనకబడ్డ సంగతి ఎవ్వరికీ తెల్వదు. అప్పుడు—

"ఏమండీ..."

గిడ్డంగి దిక్కు నుంచి. సన్నగ.

అందరి కాళ్లు ఆగినయ్. భీమేశ్వరరావు పలకబోయి నోరు మూసుకున్నడు. అచ్చం ఆమె గొంతే... అందుకే ఆయనకు మరింత భయమైంది.

"ఏమండీ..."

ఈసారి ఇంకా సన్నగ. ఊపిరి బిగబట్టి చూసిండ్రు. మూడోది రాలే. ఇగ ఉరుకుడే ఉరుకుడు!

బండి కాడ టార్చిలైటు ఏసి చూస్తె— రాజరాజేశ్వరమ్మ లేదు.

అయ్యో, ఆ మనిషి గతి ఏంది చెప్పుండ్రి! "రాజీ! రాజీ!" అని ఒర్లుకుంట మల్ల అదే చీకట్లకు ఉరికిండు. పలుకు లేదు. గిడ్డంగి లోపల నేల మీద పరిచిన పాత చెక్కలు నడిమిట్ల ఇరిగి ఉన్నయ్. కింద నుయ్యి. లైటు ఏస్తె అంతా నల్లటి బురద... ఆ బురదల ఆమె మొఖం ఒక్కటే పైకి ఉన్నది, కండ్లు మూసుకొని.

దుంకిండు. "నా ప్రాణం తీసుకో, దాన్ని వదిలెయ్" అని దేవున్నో దెయ్యాన్నో బతిమాలుకుంట ఆమె తల ఎత్తి పట్టుకున్నడు. పైనున్నోళ్లు బండి తాడు ఏసి ఇద్దరిని గుంజిండ్రు. ఆమెకు ఊపిరి ఉన్నది, గంతే.

హైదరాబాదుకు తెచ్చి దవాఖానల పెట్టిండ్రు. శానా రోజులు మాట లేదు. నిజాంపేట ఇంటికి వచ్చినంక గూడ గోడ దిక్కే తిరిగి పండుకుంటుండె. ఈయన ఆఫీసుకు రాడు, బుక్కెడు తినడు, మంచం కాడ కూసొని ఒక్కటే ఏడుపు. నేను చూడవోయిన నాడు నా ముందరనే ఆమె కాళ్లు పట్టుకున్నడు.

"నువ్వు పిలిస్తే విని కూడా రాలేదే నేను. దెయ్యం అనుకున్నాను. తిట్టు రాజీ, కొట్టు... ఏదో ఒకటి అను..."

ఆమె మెల్లగ ఇటు తిరిగింది. పెదవులు కదిలినయ్.

"మీ తప్పేముందండీ... రెండుసార్లకే నోట్లోకి బురద వచ్చేసింది. ఇంక పిలవలేకపోయాను."

ఆయన ఇంకా ఎక్కువ ఏడ్చిండు. ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

"ఊరుకోండి. నేను మీరు చెప్పినట్టే చేశాను కదా. మొదటిసారి పలకలేదు. రెండోసారీ కదల్లేదు. 'రాజీ, ఇటు రా' అని మూడోసారి కూడా మీరు లోపల్నుంచి పిలిస్తేనే... వెళ్లాను."

భీమేశ్వరరావు ఏడుపు టక్కున ఆగింది. నా దిక్కు చూసిండు.

ఆమె నూతుల పడేదాక ఆయన ఆమెను ఒక్కసారి గూడ పిలువలే.