షబ్బీర్‌కి నువ్వు, నాకు మీరు

ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డున జాజ్ ఫెస్టివల్ అనగానే మా జగ్గయ్యపేటలో చాలామంది జాజిపూల ఎగ్జిబిషన్ అనుకున్నారు. మా అమ్మ బాలామణి అయితే రెండు మూరలు పట్టుకురమ్మంది.

నాకు పూలతో పని లేదు, పాటతోనూ లేదు. కృష్ణప్రియ రమ్మంది, వెళ్ళాను. ఈ సాయంత్రం మనసులో మాట చెప్పేయాలని గట్టిగా అనుకుని మరీ వెళ్ళాను.

తను నందిగామలో లెక్చరర్. నిరుడు మా పెయింట్ల షాపుకొచ్చి, "ఇది లేత గులాబీ కాదండి, ఉల్లిపొర రంగు" అని పోట్లాడి డబ్బా మార్పించుకుపోయింది. తర్వాత స్నేహం కుదిరింది. నెల తిరక్కుండానే నేను నువ్వులోకి దిగిపోయాను. తను మాత్రం ఇప్పటికీ మీరు, అండి, గారు.

గేటు దగ్గరే నా మూడ్ పాడైంది. మెడలో శాక్సోఫోన్ వేలాడేసుకుని పొడుగాటి మనిషి ఎదురొచ్చాడు.

"ఏరా షబ్బీర్, ఏమన్నా తిన్నావా నువ్వు?" అంది కృష్ణప్రియ. తర్వాత నా వైపు తిరిగింది. "అవినాష్ గారూ, వీడు నా ఇంటర్ క్లాస్‌మేట్. వాళ్ళ నాన్న పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు. ఒరేయ్, ఈయన అవినాష్ గారు."

"ఓ, ఈయనేనా," అని వాడు అదోలా నవ్వాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

ఎండ తగ్గి నది మీంచి గాలి మొదలైంది. స్టేజీ మీద వాళ్ళేవో శ్రుతులు సవరించుకుంటున్నారు. నేను ఏరా దగ్గరే ఆగిపోయాను. ఆ పిలుపులో ఎంత చనువు.

"ఎలా ఉందండి?" అంది.

"ఇంతకీ ఎప్పుడు మొదలుపెడతారు?"

"రెండు పాటలు అయిపోయాయండి."

పక్కవాళ్ళు నవ్వారు. షబ్బీర్ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, తను కన్నార్పకుండా చూస్తోంది.

"అతనంటే నీకు ఇష్టమా?"

"చాలా ఇష్టం. ఏం?"

"ఏం లేదు. అతన్ని నోరారా ఏరా అంటావు. నన్నేమో బ్యాంకు మేనేజర్ని పిలిచినట్టు పిలుస్తావు. ఏడాదైంది, ఒక్కసారైనా నువ్వు అన్నావా? నాకు కుళ్ళుగా ఉంది. దాచుకోవడం నా వల్ల కావట్లేదు."

కృష్ణప్రియ స్టేజీ మీంచి చూపు తిప్పింది. కోప్పడుతుందనుకున్నాను.

"మా అమ్మ ఊళ్ళో అందర్నీ ఏరా, ఒరేయ్ అనే పిలుస్తుందండి. మా నాన్నని తప్ప," అంది మెల్లగా. "మిమ్మల్ని నువ్వు అనడానికి ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఇప్పుడు అలవాటు చేసుకుంటే పెళ్ళయ్యాక మళ్ళీ మీరుకి మార్చుకోవాలి. రెండుసార్లు మార్చుకోవడం ఎందుకని ఊరుకున్నా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చెప్పాలని వచ్చింది నేను, చెప్పేసింది తను.

"మరి... మీకు ఇష్టమేనా అండి?" అన్నాను. ఆ మీరు ఎలా వచ్చిందో తెలీదు, వచ్చేసింది.

తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇష్టమేనండి. మీరు కూడా అలాగే పిలవండి, బావుంది."

పాట మధ్యలో ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. నేను లేచి నిలబడి షబ్బీర్‌కి గట్టిగా కొట్టాను.