ఆరో నంబరు చెప్పులు

యాకుత్‌పురా స్టేషన్ దాటాక పట్టాల మీద శవం. ఆడమనిషి. ముఖం గుర్తుపట్టేలా లేదు. పక్కన నీలం చెప్పుల జత.

మార్చురీలో సక్కుబాయి దుప్పటి ఎత్తనివ్వలేదు. గౌలిపురలో ఇంటింటికీ పాలు పోసే మనిషి. కూతురు స్వీటీ మలక్‌పేటలో గది తీసుకుని ఉండేది. ఏడు నెలలుగా ఇంటికి రాలేదు, ఫోన్లే. వారంగా ఆ ఫోను కూడా లేదు.

"చెప్పులు చూపియ్యి సార్."

తిప్పి అడుగున చూసింది.

"ఆరో నంబరు. నా బిడ్డది ఐదు. ఎప్పుడైనా నేనే కొనిస్త. ఈమె నా బిడ్డ కాదు."

ఆ గొంతులో ఏడుపు లేదు, సంతోషమూ లేదు. ఇన్‌స్పెక్టర్ డానియేలు తలూపాడు. ఇన్నేళ్ల సర్వీసులో అతనికీ ఏదీ అంటడం మానేసింది.

మధ్యాహ్నం డాక్టర్ ఫోన్.

"రైలు కంటే ముందే గొంతు నులిమారు. ఇంకోటి, ఈమెకు కాన్పై పది రోజులు కూడా కాలేదు."

"ఎలా చెప్తారు?"

"గర్భసంచి. నెలలు నిండేదాకా పెరిగిన కండను కాన్పయ్యాక ఎంజైములు కరిగిస్తాయి, పాత సైజుకు తెస్తాయి. ఇక్కడ ఆ పని సగంలో ఆగింది."

మరి పసిగుడ్డు ఏది? బతికుందా? డానియేలు కళ్లు చెప్పుల మీద పడ్డాయి.

"డాక్టర్, కడుపుతో ఉంటే కాలు కూడా పెరుగుతుందా?"

"పెరగొచ్చు. రిలాక్సిన్ అనే హార్మోను కాన్పుకు దారివ్వడానికి నడుము కీళ్లను సడలిస్తుంది. పాదాలనూ వదలదు. బరువుకు పాదం పరుచుకుంటుంది. గర్భసంచి తగ్గినా, కొందరికి పాదం వెనక్కి రాదు."

సాయంత్రం శవం వార్త విన్నానంటూ విశ్వేశ్వర్ తనంతట తానే స్టేషన్‌కు వచ్చాడు. స్వీటీ పనిచేసిన హోల్‌సేల్ బట్టల దుకాణం ఓనరు కొడుకు.

"ఆమె స్వీటీయే సార్. ఏం ఫికరో ఏమో, రైలు కింద పడ్డది. ఆ నీలం చెప్పులు నేనే కొనిచ్చిన."

"ఎప్పుడు?"

"పోయిన దసరాకు. గప్పుడే పని మానేసింది. మళ్ల చూడలే."

డానియేలు మళ్లీ పిలిపిస్తే వచ్చి మూలన కూర్చున్న సక్కుబాయి లేచింది. "ఏంది నువ్వనేది? దసరాకు నేను ఐదో నంబరే కొనిచ్చిన!"

"ఆమె చెప్పింది నిజం," అన్నాడు డానియేలు. "దసరాకు స్వీటీ కాలు ఐదే. కడుపు పెరిగాక ఆరైంది. ఆరో నంబరు కొన్నావంటే ఆ నెలల్లో నువ్వు ఆమె పక్కనే ఉన్నావు. బిడ్డ ఎక్కడ?"

"మలక్‌పేటల... ఆయా కాడ..." అనేసి నాలుక కరుచుకున్నాడు. బిడ్డ బతికుందా అని అడగాల్సిన పని లేకపోయింది.

కాసేపటికి మిగతాదీ కక్కాడు. "నాకు పెండ్లి కుదిరింది సార్. బిడ్డనెత్తుకొని దుకాణంకొస్తనని లొల్లి పెట్టింది."

కానిస్టేబుల్ తెచ్చిన ఆడపిల్లను సక్కుబాయి ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఏడవలేదు. చెప్పుల వైపే చూసింది.

"నా బిడ్డ కాలు పెరిగిందని వీనికెరుక. నాకెరుకలే సార్."

డానియేలు చెప్పుల జతను ఆమె ఎదుట నుంచి తీసేశాడు.

సక్కుబాయి పసిదాని పాదాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"దీనికేం నంబరుంటది సార్?"

"ఇంకా నంబరుండదమ్మా."